చిషోము దొర, సెంట్రలు స్టేషను, చంద్రగిరి రాజమహలు

నగరిలో బండియెక్కి మదరాసునకు పోవువారికి దారిలో నిలిచి చూడదగిన స్టేషను ఒక్కటియు లేదని పలువురు చెప్పుదురు. ఈ మాట పూర్తిగా న్యాయమైనది కాదు. పూర్వము సముద్రముమీద మదరాసు రేవునకు వచ్చు ఓడలవారికి గుఱుతుగా నిలిచి, నగరి ముక్కు అను పేర నావికుల కెల్ల పరిచితమైన కొండకొమ్ము మన స్టేషనునకు వెనుకతెరగా నిలిచియున్నది. అంతటి గోపురమును ఏ శిల్పి కట్టగలడు? అటుపిమ్మట వచ్చునది వెంకటనరసింహరాజువారిపేట. ఒక్కమాటగా వ్రాయబడు స్టేషను పేర్లలో భారతదేశ మంతటను ఇంతకంటె పొడుగైనది లేదని ప్రసిద్ధి. స్టేషను మాత్రము మిక్కిలి చిన్నది. పలకమీది పేరు చదివి ముగించులోపలనే బండి కదలును. ఆవల తిరుత్తణి. 1960 వఱకు అది మన చిత్తూరు జిల్లాలోనిదే. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో జన్మించిన యూరది. ఆ బాలుడు పెద్దవాడై తత్త్వశాస్త్రము బోధించిన మదరాసు ప్రెసిడెన్సీ కళాశాల భవనమునకును, ఈ బండి తుదకు చేరుకొను సెంట్రలు స్టేషను గోపురములకును ఒక్క పురుషునితో సంబంధము గలదు. ఆయన పేరు రాబర్టు ఫెలోసు చిషోము. ఆ గోపురములను చూచి దిగినవారు మనలో లక్షలకొలది. వానిక్రింద మూటలు పెట్టుకొని నిదురించినవారును లక్షలకొలది. ఆయన చరిత్ర మెఱిగినవారు మాత్రము అరుదు.

చిషోము 1840లో ఆంగ్లదేశమున జన్మించెను. యౌవనముననే ఉద్యోగార్థియై హిందూదేశమునకు వచ్చి, వంగరాష్ట్రపు పబ్లికు వర్క్సు శాఖలో కుదిరెను. 1864లో మదరాసు ప్రభుత్వమువారు ప్రెసిడెన్సీ కళాశాలకును, విశ్వవిద్యాలయపు సెనేటు మందిరమునకును నమూనాలు కోరుచు పోటీ ప్రకటించిరి. కలకత్తానుండి చిషోము పంపిన పటము గెలిచెను. అప్పటి కాయనకు ఇరువదినాలుగేండ్లు. మఱుసటి సంవత్సరమే ఆయన మదరాసు చేరెను. తరువాత ఇరువదేండ్లకు పైగా ఆ పట్టణపు సముద్రతీరమున నేది లేచినను దానిలో ఆయన చేయి యుండెను.

ఆయన తొలి కట్టడము ప్రెసిడెన్సీ కళాశాల. 1870లో తెఱవబడిన ఆ భవనము ఇటలీదేశపు రీతి ననుసరించినది. అందు హిందూదేశపు వాసన దాదాపు లేదు. అప్పటి తెల్లదొరలందఱును చేయుచుండిన పనియే ఆయనయు చేసెను. గ్రీసు స్తంభములను, రోము కమానులను ఓడలో తెచ్చినట్లు తెచ్చి, సున్నమును ఇటుకయును మాత్రము ఇచ్చటివి వాడుట ఆనాటి మర్యాద. 1856 జూలై 1వ తేదీన దక్షిణాపథమున మొట్టమొదటి రైలు రాయపురమునుండి వాలాజా రోడ్డునకు సాగినపుడు ఆ రాయపురము స్టేషనునకును గ్రీకు స్తంభములనే నిలిపిరి. ఆ స్టేషను నేటికిని నిలిచియున్నది. చూచుటకు చక్కనిదే, సందేహము లేదు. కాని ఆ స్తంభములకు ఈ నేలతో నేమి చుట్టఱికము?

చిషోమును మార్చినవి రెండు. ఒకటి చేపాకము, రెండవది నేపియరు ప్రభువు.

చేపాకపు కథ సంతోషకరమైనది కాదు. ఆర్కాటు నవాబులు 1768లో కట్టించుకొనిన నగరది. 1855లో గులాం గౌసుఖాను పుత్రహీనుడై మరణింపగా, కుంపిణీవారు ఆ నవాబు పదవినే రద్దుపఱచి, కొలది సంవత్సరములలో నగరును తామే స్వాధీనము చేసికొనిరి. మృతుని యింట దూరి కచ్చేరి పెట్టుట యనగా నిదియే. అట్టి నగరునకు చేర్చి రెవిన్యూబోర్డువారి కార్యాలయము కట్టవలెనని 1868 ప్రాంతమున చిషోమునకు ఆజ్ఞయయ్యెను. అప్పు డాయన కొక చిక్కు వచ్చెను. ఎదుట నవాబుల గుమ్మటములు, సూదిమొన కమానులు. వాని ప్రక్కన ఇటలీరీతి కట్టడము నిలిపినచో రెండును చెడును. ఆయన క్రొత్తదానిని పాతదాని భాషలోనే కట్టెను. రెండు మహలుల నడుమ ఎత్తైన బురుజు నెత్తి, చూచువారికి అంతయు ఒక్కనాడే కట్టినట్లు తోపజేసెను. తరువాత ఇండో-సారసెనిక్ అని పేరొంది, ఆసేతుహిమాచలము కచ్చేరులకును, కళాశాలలకును, రైలుస్టేషనులకును వేషమైన రీతికి మదరాసున తొలిపాదు అచ్చటనే పడినది. 2012 జనవరిలో ఆ నగరులోని కలస్ మహలు అగ్నికి ఆహుతియై, ఆర్పబోయిన ఉద్యోగి యొకరు ప్రాణములు కోల్పోయిన సంగతి పాఠకులు మఱవియుండరు. పిమ్మట దానిని శ్రద్ధతో బాగుచేసిరి.

నేపియరు ప్రభువు 1866 మొదలు 1872 వఱకు మదరాసు గవర్నరు. హిందూదేశపు వేడికిని, వెలుతురునకును, పనివాని చేతికిని తగినది హిందూదేశపు రీతియే యని వాదించిన పాలకులలో ఆయన యొకడు. 1870లో ఈ విషయమున బహిరంగముగా ఉపన్యసించెను. ఆయన ప్రోత్సాహముననే చిషోము మధుర వెళ్లి తిరుమలనాయకుని నగరు జీర్ణోద్ధారణమునకు పూనుకొనెను. అది మన తెలుగు నాయకరాజుల కట్టడము. అప్పటికి సగము కూలి, కొఱత సగము కొల్లపోయి యుండెను. ఆ మహాస్తంభములను కొలిచి, కమానుల లెక్కకట్టి, గచ్చుపని విప్పిచూచిన వానికి బుద్ధి మాఱక యుండునా? చిషోము ఆ నగరునుగూర్చి తన దేశపు వాస్తుశిల్పుల సభకు వ్యాసమును వ్రాసి పంపెను.

పిమ్మట కట్టినది సెనేటు మందిరము. 1874లో పని ప్రారంభమై 1879లో ముగిసెను. నాలుగుమూలల బురుజులు, వానిపై ఉల్లిగడ్డవంటి గుమ్మటములు, రాతిస్తంభములు, రంగుటద్దముల కిటికీలు. గోదావరినుండి పెన్నదాక తెలుగువాడు పట్టభద్రుడు కావలెనన్న, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలయువఱకు మదరాసు విశ్వవిద్యాలయమే దిక్కు. మన తాతలు అద్దెకు తెచ్చుకొనిన నల్లగౌనులతో నిలువబడినది ఈ గుమ్మటములక్రిందనే.

అదేకాలమున తిరువనంతపురమున నేపియరు పేరిటి ప్రదర్శనశాలను ఆయన కట్టెను. 1880లో అది పూర్తియయ్యెను. ఇచ్చట ఆయన మఱొకపాఠము నేర్చెను. మలయాళదేశమున వర్షము మిక్కుటము. కావున అచ్చటి వడ్రంగులు ఇంటికప్పును నిటారుగా వాలించి, కొనలకు ముక్కువంటి త్రికోణములు పెట్టి, వానిలో జాలీలుంచి గాలి నాడింతురు. నీరు జాఱిపోవును, వేడి పైకెగసి పోవును. చిషోము ఆ కప్పులను అట్లే గ్రహించి ప్రదర్శనశాలకు తొడిగెను. ఈ కప్పు సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. సెంట్రలు స్టేషనులో మరల దానితో పని గలదు.

రాయపురము స్టేషను ఇఱుకై, బొంబాయి మార్గమును కలుపు రైలు 1871లో మన రేణిగుంట మీదుగా రాయచూరు చేరుటతో మదరాసునకు మఱొక పెద్ద స్టేషను అవసరమయ్యెను. నగరి, పుత్తూరు ప్రజలు పొగబండిని చూచినది ఈ మార్గముననే. పార్కుటవునున సెంట్రలు స్టేషనునకు పటము గీచినవాడు జార్జి హార్డింగు. పని 1868లో మొదలై 1873లో ముగిసెను. అప్పటికి నాలుగే ప్లాటుఫారములు. హార్డింగు భవనము ఐరోపాలోని గోథికు రీతిది. ఎఱ్ఱయిటుక గోడలు, వరుసకమానులు. దానికి మార్పులుచేసి, గడియారపు బురుజును చేర్చి, ముఖ్యమైన బురుజులపై తిరువాన్కూరు టోపీలు పెట్టించిన ఆలోచన చిషోముది. ఈ మార్పులన్నియు 1900 నాటికి సమగ్రమైనవి. మొదట పునాది వేసినవాడు వేఱు, చివరకు తల నలంకరించినవాడు వేఱు. నేడు మనము చూచునది ఇరువురి కలయిక.

సూక్ష్మముగా చూచినచో ఇది కొంత వింతయే. గోడ యూరపుది, టోపీ మలయాళముది, చుట్టునున్న దేశము తమిళము, దిగువాడు తెలుగువాడు. కుండపోతవానకు పుట్టిన కప్పునకు మదరాసు ఎండలో పనియేమని విమర్శకు డడుగవచ్చును. అడిగినను తప్పుకాదు. కాని స్టేషను భవనమును కచ్చేరి భవనమును చూచినట్లు చూడరాదు. కచ్చేరిని ఎదుట నిలిచి తీరికగా చూతుము. స్టేషనును చూచువాడు పరుగెత్తుచుండును. చంకలో బిడ్డ, తలపై మూట, చేతిలో చీటి. వానికి దూరమునుండి రెండు సంగతులు తెలియవలెను: స్టేషను ఎక్కడ, గంట యెంత. ఆ రెంటిని బురుజే చెప్పును. నాలుగుముఖముల గడియారము పావుగంటకొకసారి మ్రోగి, గంట గంటకు లెక్కచెప్పును. ఎఱ్ఱగోడపై తెల్లని అంచులు మండుటెండలోను, దీపములవెలుగునను ఒక్కటే స్పష్టతతో కనబడును. మందమైన యిటుకగోడ, ఎత్తైన కప్పు, లోతైన వరండా ఇవి అలంకారమునకు పెట్టినవి కావు; ఇంజను పొగయును, జనుల ఊపిరివేడియును పైకి పోవుటకు పెట్టినవి. ఆవిరియంత్రములు పోయి విద్యుత్తు వచ్చినను ఆ ఎత్తు నేటికిని ఉపకరించుచునే యున్నది.

స్టేషను ప్రక్కన మఱొక ఎఱ్ఱభవనము గలదు. విక్టోరియా రాణి పట్టాభిషేకపు ఏబదియేండ్ల పండుగ పేర పౌరుల చందాలతో లేచిన విక్టోరియా పబ్లికుహాలు అది. 1880వ దశకము తుదిని నిర్మింపబడిన దానికి పటము చిషోముది. కట్టినవాడు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఆయన తెలుగు వైశ్యుడు. మదరాసు హైకోర్టును, మఱి పెక్కు మహాభవనములను కట్టిన కంట్రాక్టరు ఆయనయే. గణితశాస్త్ర చక్రవర్తి రామానుజుడు అంత్యదినములు గడిపిన గృహమును ఇచ్చినవాడును ఆయనయే. 1908లో తెఱవబడిన ఎగ్మూరు స్టేషనును హెన్రీ ఇర్విను గీచెను. బెంగుళూరునకు చెందిన సామినాథపిళ్ల కట్టెను. ఆ స్టేషనునకు క్లైవు పేరు పెట్టవలెనని కంపెనీవారు తొలుత తలపగా ప్రజలు ససేమిరా యనిరట. మంచి పనిచేసిరి. ఈ కంట్రాక్టర్ల పేర్లయినను మిగిలినవి. వారి క్రింద ఇటుక కోసి, గానుగ సున్నము నూఱి, కోడిగ్రుడ్డు సొనతో గచ్చు మెఱుగుపెట్టిన మేస్త్రీల పేర్లు ఏ రాతిపలకమీదను లేవు.

ఈ విషయమున చిషోముపట్ల న్యాయముగా నొక మాట చెప్పవలెను. 1850లో వైద్యుడైన హంటరు స్థాపించిన మదరాసు కళాపాఠశాలకు చిషోము 1870వ దశకము చివర అధ్యక్షుడయ్యెను. దేశపు పనివాండ్రకు ఐరోపా బొమ్మల ప్రతులు గీయించుట మాని, వారి చేతిలోనున్న విద్యనే వృద్ధిపఱచవలె నన్నది ఆయన మతము. కుమ్మరిపని, లోహపుపని అచ్చట పెంపొందినవి. ఆయన తరువాత 1884లో ఆ పీఠమెక్కిన హేవెలు ఈ మార్గమును ఇంకను దూరము నడిపించి, హిందూశిల్పి ఘనతను లోకమునకు చాటెను.

ఇక చంద్రగిరి. తిరుపతికి పడమర ఏడెనిమిదిమైళ్ల దూరమున, కొండయడుగున, విజయనగర రాజుల చివరి వైభవమునకు సాక్షిగా రాజమహలు నిలిచియున్నది. మూడంతస్తులు, ఒకదానిపై నొకటి కమానుల వరుసలు, నడుమ రెండంతస్తుల ఎత్తున కొలువుకూటము, పైన దేవాలయ విమానములను బోలు శిఖరములు. కట్టడములో కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నము, అంతే. కమాను తురుష్కులది, శిఖరము హిందువులది. అయినను రెండును కలహింపక ఒకే గోడలో ఒదిగినవి. తల్లికోట యుద్ధము తరువాత పెనుకొండకును, పిమ్మట చంద్రగిరికిని తరలివచ్చిన ఆరవీటివారి కొలువు ఇచ్చటనే జరిగెను. 1639లో మదరాసు నేలను ఇంగ్లీషువర్తకుల కిచ్చిన దామెర్ల నాయకుడు ఈ సంస్థానపు రాజునకు లోబడినవాడే. మదరాసు పుట్టుక పత్రముపై ఈ కొండనీడ పడినది.

ఈ రాజమహలును చిషోము వచ్చి పరిశీలించి, 1883లో ఇండియను ఆంటిక్వరీ అను పత్రికలో చిన్న వ్యాసము ప్రకటించెను. అప్పటికి చంద్రగిరికి రైలు లేదు. పాకాల మార్గము పడినది 1890వ దశకారంభమున. బండ్లబాటను వచ్చి కొలతలు తీసికొనిపోయిన దొర మదరాసులో తాను పదునైదేండ్లుగా వెదకుచుండిన సమాధానము మూడువందలయేండ్లకు పూర్వమే ఇచ్చట ఎవరో పేరులేని స్థపతి వ్రాసిపెట్టినట్లు కనుగొని యుండవలెను. రెండు సంప్రదాయములను ఒక భవనమున ఎట్లు కుదుర్పవలె నన్నదే కదా ఆయన జీవితసమస్య. చంద్రగిరి చూచి సెంట్రలునకు టోపీ పెట్టెనని మా వాదము కాదు. ఆ టోపీ మలయాళముదని పైన చెప్పియేయుంటిమి. ఈ గోడలయెదుట ఆయన శిష్యుడై నిలిచినాడని మాత్రమే చెప్పుచున్నాము.

అటుపిమ్మట బరోడా. గాయకవాడు శాయాజీరావు మహారాజు కట్టించుచున్న లక్ష్మీవిలాస ప్రాసాదమునకు శిల్పియైన మేజరు మాంటు 1881లో మృతిచెందగా, పనిని చిషోము పైని వేసికొని 1890 నాటికి ముగించెను. రంగూనులో క్రైస్తవ దేవాలయమునకు పటము గీచెను. ఇవియన్నియు ఘనకార్యములే; మా విషయమునకు దూరములు.

ఆయన పనినిగూర్చి జాతీయవాదులలో రెండభిప్రాయములు గలవు. 1857 విప్లవము తరువాత పాలకులు మొగలాయీల వారసులుగా కనబడగోరి ఈ వేషము వేసికొనిరనియు, గుమ్మటము మనదైనను దానిక్రింద కూర్చుండి పన్ను విధించినవాడు పరాయివాడనియు ఒక వాదము. అది కాదనరాదు. రెవిన్యూబోర్డు భవనమే దానికి దృష్టాంతము: నవాబు నగరును కాజేసి, నవాబు గుమ్మటమునే నమూనాగా తీసికొనిరి. అయినను రాయపురపు గ్రీకు స్తంభములు మనలను చూచి మీకు శిల్పమే లేదని చెప్పుచుండగా, సెంట్రలు బురుజు ఆ మాట చెప్పదు. పాలకుని ఉద్దేశము పాలకునితో పోయినది. బురుజు మనకు మిగిలినది. బొంబాయిలో స్టీవెన్సు కట్టిన విక్టోరియా టెర్మినసు నేడు ఛత్రపతి శివాజీ పేర పిలువబడుచున్నది. సెంట్రలునకు 2019లో ఎం. జి. రామచంద్రను పేరు పెట్టిరి. ఎవరు ఏ పేరు పెట్టినను నగరి ప్లాటుఫారముమీద చీటి కొనువాడు సెంట్రలుకే యని యడుగును.

ఈ చర్చ పాతదని త్రోసివేయుటకు వీలులేదు. 2022లో తిరుపతి స్టేషనును పునర్నిర్మించుటకు రైల్వేవారు ప్రకటించిన పటమును చూచి పట్టణవాసులును, యాత్రికులును అసంతృప్తి చెందిరి. అద్దములు, ఉక్కు, తళుకు. ఏ దేశములోని ఏ కార్యాలయమునకైనను సరిపోవును. శ్రీనివాసుని పాదములచెంత దిగుచున్నామను గుఱుతు మాత్రము లేదు. ఆక్షేపణలు వెల్లువెత్తగా పటమును మార్చెదమని మంత్రిగారు ఒప్పుకొనిరి. ఏడెనిమిదిమైళ్ల దూరమున చంద్రగిరి యుండగా, పటము గీచినవారు ఒక్కపూట అచ్చటికి పోయివచ్చిన బాగుండెడిది. గోపురమును సిమెంటుతో పోతపోసి ముఖద్వారమునకు అతికించుటయు ఉపాయము కాదు. అది నాటకపు కిరీటమగును. చిషోము కొలతబద్దతో వెళ్లినాడు. ఆ తేడా యున్నది.

సెంట్రలు ఎంత సుందరమైనను దాని సౌఖ్యము అందఱిదిగా ఉండలేదనియు చెప్పవలెను. మొదటితరగతి వారికి విశ్రాంతిశాలలు, వాలుకుర్చీలు. మూడవతరగతి వారికి నేల. రైలుకంపెనీల రాబడిలో పెద్దభాగము ఈ నేలమీద కూర్చుండినవారి యణాలే యనుట ఆనాటి పత్రికలు మాటిమాటికి చేసిన ఫిర్యాదు. ఇందులో శిల్పి దోషము కొంచెము, కంపెనీ దోషము పెద్ద. గాంధీమహాత్ముడు 1917లో మూడవతరగతి ప్రయాణపు కష్టములపై ప్రత్యేకముగా కరపత్రమే ప్రచురించెను.

ఇరువదవ శతాబ్దారంభమున చిషోము లండను చేరెను. వృద్ధాప్యమున అచ్చట స్లోను టెర్రసులో క్రైస్తవ శాస్త్రసంఘమువారికి ప్రార్థనామందిరము కట్టెను. 1907లో పూర్తియైన ఆ తెల్లరాతిభవనమునకు బైజాంటియపు రీతి బురుజు గలదు. 2004 నుండి అది కేడొగను హాలు అను పేర సంగీతసభామందిరమైనది. దానిలో పాటవినువారిలో మదరాసు నెఱిగినవా డుండినచో, ఆ బురుజును చూచి ఎక్కడనో చూచితి ననుకొనును.

1915 ఏప్రిలు 17వ తేదీన దక్షిణాఫ్రికా విజేతయైన గాంధీగారు కస్తూరిబాయితో కూడ సెంట్రలు స్టేషనులో దిగిరి. స్వాగతమిచ్చుటకు వచ్చిన జనసమూహము మొదటితరగతి పెట్టెలలో వెదకెను, రెండవతరగతిలో వెదకెను, ఎచ్చటను లేరు. చివరకు బండి తోకయందు మూడవతరగతి పెట్టెలో, దుమ్ముకొట్టిన బట్టలతో చిక్కిపోయియున్న ఆయనను కనుగొనిరి. విద్యార్థులు గుఱ్ఱములను విప్పివేసి, బండిని తామే లాగుచు, గడియారపు బురుజుక్రిందనుండి వీథిలోనికి కొనిపోయిరి. ఆ మఱుమాసము, మే 28వ తేదీన, డెబ్బదియైదవయేట చిషోము మరణించెను.